పావలా వంతు

హనుమకొండ,
9 ఫిబ్రవరి 2025

లావణ్యా,

ఫోన్ చేయకుండా కాగితం మీద రాస్తున్నానని నవ్వుకోకు. ఫోన్‌లో అయితే సగం వినగానే "నేను చూసుకుంటాలేవే" అంటావు. ఇది నువ్వు చూసుకునే పని కాదు, చివరిదాకా వినాల్సిన పని.

మీ బాపు పెద్దకర్మ రోజు మా అబ్బా మీ మిల్లు దగ్గర పత్తి బస్తాలు దించుతున్నాడు. మధ్యలో వచ్చి నిన్ను పలకరించాడు, భోజనం చేశాడు, మళ్ళీ పనికి పోయాడు. ఆ తర్వాత తొమ్మిదో రోజు దవాఖానలో చనిపోయాడు. ఊపిరితిత్తులు అన్నాడు డాక్టరు. ఏం పని చేసేవాడని అడిగి, హమాలీ అనగానే ఇంకేమీ అడగలేదు.

మీ మిల్లు బస్తాలు మోసే ముఠాకు ఒక కట్టుబాటు ఉంది. నీకు తెలిసి ఉండదు. హమాలీ చేతికి కట్టుకునే ఇత్తడి బిళ్ళ తండ్రి తర్వాత కొడుక్కి వస్తుంది. అది లేనివాడు యార్డులో బస్తా ముట్టకూడదు. అలా బిళ్ళ వచ్చిన కొడుకు మొదటి ఏడాదంతా తన కూలీలో రూపాయికి పావలా ముఠా పెట్టెలో వేయాలి. ఏ ఇంట్లో మొగుడు పోయి, బిళ్ళ కట్టేవాడు లేడో ఆ ఇంటి ఆడమనిషికి నెలనెలా ఆ పెట్టెలోంచి ఇస్తారు. ఇప్పుడు ఏడుగురు తీసుకుంటున్నారు. మా అబ్బా 1987లో వాళ్ళ నాన్న బిళ్ళ కట్టుకున్నప్పుడు ఏడాది పొడుగునా పావలా వేశాడు.

నిరుడు ఎండాకాలం, ఎన్నికలప్పుడు, మీ ఇంట్లో జరిగింది గుర్తుందా? టీవీలో వారసత్వ పన్ను మీద అరుచుకుంటున్నారు. మీ బాపు టీవీ కట్టేసి నన్నడిగాడు: "ఏమమ్మా ఎకనామిక్స్ మేడం, నేను సచ్చిపోతే నా బిడ్డకు మిల్లు రాకుంట సర్కారోడు గుంజుకుంటడా?" అలాంటి పన్ను మన దేశంలో 1953లో వచ్చిందని, వసూలయ్యేది తక్కువ, వసూలు ఖర్చు ఎక్కువ అని చెప్పి 1985లో తీసేశారని నేను పాఠం అప్పజెప్పాను. మా అబ్బా గడప దగ్గర కూర్చుని చాయ్ తాగుతూ, "మాకున్నది సావుకారీ ఆ పన్ను. రూపాయికి పావలా" అన్నాడు. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. నేనూ నవ్వాను.

ఇప్పుడు మా తమ్ముడు ఖలీల్ ఆ పావలా ఇవ్వనంటున్నాడు.

"అబ్బా ఎముకలు అరగదీసి నిలబెట్టుకున్న బిళ్ళ ఆపా ఇది. మళ్ళ దాని మీద పావలా ఏంది? ఒక్క చెమటకు రెండు కోతలా?" అన్నాడు. ఈ వాదన నేను ఏటా క్లాసులో చెప్తాను, ఇంగ్లిష్‌లో. దానికి జవాబు కూడా చెప్తాను. ఇంట్లో చెప్పలేకపోయాను. ఎందుకంటే వాడు అంతటితో ఆగలేదు. "సావుకారి బిడ్డకు మిల్లచ్చింది, మూడు కాంప్లెక్సులచ్చినయ్, కేసముద్రం తొవ్వకు నలబై ఎకరాలచ్చినయ్. ఆమె ఎవలికన్న పావలా ఇచ్చిందా? ఆమె ఇస్తే నేనిస్త" అన్నాడు.

వంతు ఒప్పుకోనివాడికి బిళ్ళ ఇవ్వరు. నెలాఖరు దాకా గడువిచ్చారు. అబ్బా పోయాక మా అమ్మీ ఆ బిళ్ళను బియ్యం డబ్బాలో దాచింది.

నువ్వు ఇవ్వాలని అడగడం లేదు. వాడు నీ మాట వింటాడు. ఒక్కసారి పిలిచి మాట్లాడు.

నీ
హుమేరా

*

వరంగల్,
18 ఫిబ్రవరి

హుమేరా,

మీ అబ్బా, మా ఇమాం చిచ్చా, పోయిన రోజు నేను రాలేదు. ఏడాది మైల, గడప దాటొద్దన్నారు మా ఇంట్లో. ఆ వారంలోనే కాంప్లెక్సుల అద్దె కాగితాల కోసం మూడుసార్లు గడప దాటాను. ముందు ఇది ఒప్పుకోకుండా మిగతాది రాయలేను.

నువ్వు క్లాసులో చెప్పే వాదన నాకు చదవకుండానే వచ్చు. బాపు బతికినన్నాళ్ళు పన్నులు కట్టాడు. కట్టగా మిగిలిందే ఇది. పైగా ఇది రొక్కం కాదు. పావలా వంతు ఇప్పటికిప్పుడు తీయాలంటే నడుస్తున్న మిల్లులో యంత్రాలు ఊడదీసి అమ్మాలి. అప్పుడు నష్టపోయేది ఎవరు, హమాలీలే కదా? ఉదయ్ రోజూ ఇదే అంటాడు. నా మొగుడు కాబట్టి కాదు, ఆ మాట తప్పని నేనూ అనలేను.

కానీ మొన్న భూములు నా పేరు మీదికి మార్చుకోవడానికి ఆఫీసుకు వెళ్ళాను. ఫోటో తీశారు, వేలు పెట్టమన్నారు, రెండు సంతకాలు పెట్టాను. బయటికి వచ్చేసరికి కారులో ఏసీ చల్లదనం ఇంకా పోలేదు. నలభై ఎకరాలు. ఇది నీకెందుకు రావాలని ఆ గదిలో ఎవరూ అడగలేదు. మీ ఖలీల్‌ను మాత్రం ముఠాలో నూట ఇరవై మంది అడుగుతున్నారు.

వాడిని నిన్న మిల్లుకు పిలిపించాను. మాట్లాడదామని పిలిచి, కుర్చీలో కూర్చోమంటే కూర్చోకుండా నిలబడ్డవాడిని చూసి, ఇంకో మాట అన్నాను.

"నేనిస్తరా."

"నిజంగనేనా అక్కా? ఉదయ్ సార్ ఊకుంటడా?"

"ఆస్తి నా పేరు మీదుంది, ఆయన పేరు మీద లేదు."

"మందిల ఇయ్యాలె మరి. ఇంటికి పిలిచి చాయ్ పోసి ఇచ్చుడు కాదు."

"మందిలోనే ఇస్త."

వాడు నవ్వాడు. ముందు పళ్ళ మధ్య సందు, అచ్చం చిచ్చా నవ్వే. ముఠా వాళ్ళంతా మేడారం చిన్న జాతరకు పోయి వచ్చారు, ఇరవై ఏడున కూర్చుంటారట. బాపు జాతర జాతరకు తన ఎత్తు బెల్లం తూచి అమ్మవార్లకు ఇచ్చేవాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. ఇవ్వడం మా ఇంట్లో కొత్త కాదు. నేను ఇవ్వగలను.

అమ్మీకి చెప్పు, బిళ్ళను డబ్బాలోంచి తీయమని.

లావణ్య

*

వరంగల్,
30 ఏప్రిల్

హుమేరా,

రెండు నెలలుగా నీ ఫోన్ ఎత్తలేదు. ఆ ఇరవై ఏడున ముఠా కూర్చునే షెడ్డు దగ్గర ఏం జరిగిందో ఖలీల్ చెప్పే ఉంటాడు. వాడు బయటినుంచి చూసింది చెప్పి ఉంటాడు. లోపలిది నేను రాస్తున్నాను.

ఐదు లక్షలు తీసుకెళ్ళాను. మన అలవాటు ప్రకారం పైన నూట పదహార్లు పెట్టి, కవరుకు పసుపు బొట్టు పెట్టాను. ముఠా పెద్ద కట్టయ్య అందరి ముందూ కవరు విప్పించాడు. ఐదు లక్షల జోలికి పోలేదు. నూట పదహార్లు వేరుగా తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"ఇవేంది బిడ్డా?"

"శుభానికి."

"శుభానికైతే పెండ్లిల సదివియ్యాలె. మేం సచ్చినోని బిళ్ళ మీద తీస్కునేది ఇది. దీనికి శుభమేంది?" వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "సరే. గీ ఐదు లక్షలు ఏ లెక్క? నీకచ్చిన దాంట్ల పావలానా?"

"కాదు. నాకు తోచింది."

"తోచింది ఇచ్చేదైతే అది ధర్మమైతది. మంచిదే, కాదంటలేను. కని గుడికాడ ఇయ్యాలె. ఈడ వంతు తీస్కుంటం." అప్పుడు ఖలీల్‌ను పిలిచి నా పక్కన నిలబెట్టాడు. బిళ్ళ తీసుకునేవాడు మందిలో ఒక మాట అనాలట. ముందు నన్ను అనమన్నాడు. "ఇది నా రెక్కల కష్టం కాదు, నా తండ్రిది. దీంట్ల పావలా ముఠాది." అంతే. రొక్కం ఇప్పుడే అక్కర్లేదన్నాడు. మిల్లు మీద వచ్చేదాంట్లో ఏడాదిపాటు ఇస్తే చాలన్నాడు. యంత్రాలు ఊడదీయాల్సిన అవసరమే లేదు. నా వాదన అక్కడికక్కడే పోయింది.

"ఐదు లక్షలు తీసుకోండి తాతా. మాటెందుకు?" అన్నాను.

"మాట అంటే, రేపు నువ్వు మర్సిపోయినా మేమచ్చి అడుగుతం. అనకుంట ఇస్తే, ఇచ్చినప్పుడు నీకు దండం పెట్టాలె, ఇయ్యనప్పుడు నోర్మూసుకోవాలె. పావలాకు ఈడ ఎవ్వడు ఎవ్వనికి దండం పెట్టడు బిడ్డా."

హుమేరా, నిజం రాస్తాను. ఐదు లక్షలు కాదు, ఆ క్షణంలో పది అడిగినా ఇచ్చేదాన్ని. కానీ వాళ్ళు మా గేటు దగ్గరికి వచ్చి, దండం పెట్టకుండా, "మా వంతేది?" అని అడగడం నా కళ్ళ ముందు కనబడింది. చివరికి "ఉదయ్‌ను అడిగి చెప్తాను" అన్నాను. ఆస్తి నా పేరు మీద ఉందని పది రోజుల ముందే ఖలీల్‌తో అన్నదాన్ని. వాడు నా వైపు తిరిగి చూశాడు. ఈసారి నవ్వలేదు. కట్టయ్య బిళ్ళ పట్టుకుని ఎదురుచూస్తుంటే, "నేను గూడ అడిగి చెప్త తాతా" అని వెళ్ళిపోయాడు.

ఇంకోటి నీకు తెలియనిది ఉంది. మార్చి పదిహేనున ఉదయ్ ఒక కాగితం తెచ్చాడు. మిల్లులో ఎత్తుడు దించుడు పని ముఠాకు కాకుండా, బిళ్ళల్లేని వాళ్ళతో సొంతంగా చేయించుకునే ఒప్పందం. బస్తాకు మూడు రూపాయలు తక్కువ. మేస్త్రిగా ఎవరి పేరుందో చదివాను. ఖలీల్. వాడే వచ్చి అడిగాడట, "ముఠాకు పావలా కట్టని పనేదన్న ఉంటే ఇయ్యుండ్రి సార్" అని. ఉదయ్ అదృష్టం అనుకున్నాడు.

నేను సంతకం పెట్టాను. షెడ్డులో ఒక్క మాట అనలేకపోయినదాన్ని, కాగితం మీద పెట్టడానికి అర నిమిషం పట్టలేదు.

కట్టయ్య తిప్పి ఇచ్చేసిన ఆ కవరు ఈ ఉత్తరంతో పాటే మనిషి చేత పంపిస్తున్నాను. అమ్మీకి ఇవ్వు. ఏమని చెప్పి ఇస్తావో నీ ఇష్టం.

లావణ్య

*

హనుమకొండ,
28 జూన్

లావణ్యా,

కవరు తిరిగి పంపుతున్నాను. అమ్మీకి చూపించాను. పసుపు బొట్టు చూసి, "ఎవరింట్ల షాదీ?" అని అడిగింది.

నిన్న శుక్రవారం ముఠా పెట్టె తెరిచారు. మా ఇంట్లో ఇప్పుడు బిళ్ళ కట్టేవాడు లేడు. కాబట్టి కట్టుబాటు ప్రకారం అమ్మీకి వంతు వస్తుంది. నేను వద్దన్నాను. కొడుకు ముఠా పని తీసుకుపోయాక వాళ్ళ ముందు నిలబడటం నాకైతే సిగ్గు. అమ్మీ వినలేదు. బిళ్ళను బియ్యం డబ్బాలోంచి తీసి, కొంగున కట్టుకుని బయల్దేరింది. నేనూ వెంట వెళ్ళాను.

ఎనిమిదో మనిషిగా వరసలో నిలబడింది. వెనకనుంచి ఒకతను అననే అన్నాడు: "కొడుకు మన కడుపు మీద కొట్టి మిల్లుల మేస్త్రిగిరి చేస్తాండు. తల్లిని మనం సాదాల్నా?"

కట్టయ్య తల ఎత్తకుండానే చెప్పాడు. "ఆమెను ఎవలు సాదుతాన్రురా? ఇమాం పాషా ఏసిండు, ఆమె తీస్కపోతాంది."

అమ్మీ బిళ్ళ ఆయన చేతిలో పెట్టి, వంతు తీసుకుంది. దండం పెట్టలేదు. మీ మిల్లు బస్తాలు పోయాక ముఠాకు పని తగ్గింది, కూలీ తగ్గింది. అందుకని అందరికీ ఈ నెల సగమే ఇచ్చారు. వానాకాలం దాటేదాకా పెట్టె నడుస్తుందని కట్టయ్యకు నమ్మకం లేదు.

రాత్రి ఖలీల్ అన్నం ముందు కూర్చుని, "బియ్యం ఎక్కడియి అమ్మీ?" అన్నాడు. వాడు ఇచ్చే డబ్బు అమ్మీ ముట్టుకోవడం లేదు, అందుకే అడిగాడు. "మీ అబ్బావి" అంది. వాడు తిన్నాడు. పళ్ళెం కడిగి బోర్లించి పోయాడు. పావలా ఇవ్వనన్నది వాడు ఒక్కడే అయితే ఈ ఉత్తరం కూడా రాసేదాన్ని కాదు.

ఈ ఎండాకాలం ముఠాలో ఇద్దరు ముసలివాళ్ళు మోయలేక తమ బిళ్ళలు కొడుకులకు ఇచ్చారు. కట్టయ్య ఆ కొడుకులిద్దరినీ మందిలో నిలబెట్టి మాట అనమన్నాడు. ఇద్దరూ అనలేదు. వేరువేరు రోజుల్లో, ఒకరినొకరు అడగకుండానే, ఇద్దరూ ఒకటే అడిగారట.

"సావుకారి బిడ్డ అన్నదా?"

హుమేరా