గోడ అవతలి పాఠం

ఆళ్లగడ్డ, ఆగస్టు 1978
బుధవారం రాత్రి

నిన్న తొమ్మిదో తరగతికి ‘వెయిట్ ఫర్ మి’, ‘లుక్ ఆఫ్టర్ హర్’ లాంటి ఇంగ్లీషు ప్రయోగాలు చెప్పి, ఇంట్లో చూసినవాటి మీద ఐదేసి వాక్యాలు రాసుకు రమ్మన్నాను. ఈరోజు అందరూ పుస్తకంలోవే దించుకొచ్చారు. పక్క వాటాలో ఉండే మా ఇంటి ఓనరు కూతురు సువార్త మాత్రం సొంతంగా రాసింది. నాలుగు వాళ్ల పాడి ఎనుము గురించి. ఐదోది, ‘మేడం టాక్స్ టు హర్‌సెల్ఫ్.’

నా ముఖం చూసి బెదిరింది. “తప్పా మేడం? రోజూ రాత్రి గోడ అవతల మీ మాటలు ఇంటాండా. ఆడ ఎవురూ ఉండరు గదా!”

మర్నాటి పాఠం ముందు రాత్రే పైకి చెప్పుకోవడం నా అలవాటు. నంద్యాలలో అమ్మ ఎదురుగా కూర్చుని, ముక్క అర్థం కాకపోయినా తల ఊపుతూ వినేది. ఆమె పోయాక బదిలీ అడిగి ఈ ఊరొచ్చాను. అలవాటు కూడా నాతోనే వచ్చింది.

వాక్యంలో తప్పేమీ లేదు. టిక్కు పెట్టి ఇచ్చేశాను.

ఈ రాత్రి పాఠం మనసులోనే చదువుకున్నాను. ఇందాక గోడ మీద తట్టిన చప్పుడు. “మేడం, ఈపొద్దు పాఠం లేదా? పుస్తకం తెరుచుకోని కూచోనుండా.”

నిద్రపోయాననుకుంటుందిలే అని లాంతరు ఒత్తి తగ్గించాను. మళ్లీ తడుతుందేమోనని ఇంతసేపూ కూర్చునే ఉన్నాను.