నీ సల్లల ఉప్పు

యాదమ్మా, నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. బహదూర్‌పల్లి నుంచి బిడ్డ వచ్చిందని నేనే పెరుగు చిలికి సల్ల జేసిన. ఒక్క గుక్క తాగి మొకం ముడిసింది. "ఏంది నాయినా, గింత ఉప్పా?"

పెయిల ఉప్పు తగ్గినా, పొటాషియం పెరిగినా కిడ్నీల మీది గ్రంథి ఒక హార్మోను వదిలి ఉప్పును బయటికి పోనియ్యదని డాక్టరు జెప్పిండు గదా. నీ గ్రంథేమో గా పని మానేసింది. గోలీలు మింగినా, ఎండకాలం ఉప్పు ఎక్కువనే తినుమన్నడు. నీ కోసం కలిపి కలిపి నా చెయ్యికి గదే అలవాటైంది. నువ్వేమో ఎంత ఏసినా "ఇంక జర ఏయ్యి" అనేటిదానివి.

బిడ్డ పారబోస్తనంటే వద్దన్న. గిలాస నింపి, నువ్వు అడుగుతవేమోనని ఉప్పు డబ్బ పట్టుకొని జరసేపు నిలవడ్డ.