సుధక్క లైన్

12 నవంబర్ 2009, లింకన్

మార్కర్ రిజల్ట్స్ వచ్చాయి. సుధక్క మొక్కజొన్న లైన్, అంటే తను కలవకుండా కాపాడుకొచ్చిన విత్తనపు వంశం, ఏ కుటుంబం గ్రూపులోనూ పడలేదు. సగం దానిదే, మిగతా సగం పక్క వరసలోదని తేలింది.

"ఒకే గోత్రంవాళ్లకి పెళ్లి చెయ్యం కదే, మొక్కజొన్నా అంతే," అనేది అక్క. డీఎన్ఏ మార్కర్లతో ఏ లైన్ ఏ కుటుంబానిదో తేల్చుకుని, దూరపువాటినే కలిపి హైబ్రిడ్ చేస్తాం.

అక్క కార్ యాక్సిడెంట్‌లో పోయాక తన లైన్‌ని నేనే సాకాను. పీచు రాకముందే ప్రతి కండెకీ సంచి తొడిగి, దాని పుప్పొడి దానికే అద్దాను. పోయినేడు ఏ గాలికో ఒక సంచి జారిపోయి ఉంటుంది.

"పాత సీడ్ కూడా అయిపోయింది కదా, ఇంక డ్రాప్ చేసేద్దాంలే," అన్నాడు ల్యాబ్‌లో కిరణ్, నా మొహం చూడకుండా.

ఈ వేసవిలో ఆ మొక్కలు నా తల దాటి పెరిగాయి. ఎంత మురిసిపోయానో. సొంత పుప్పొడితో పెంచిన లైన్ పొట్టిగా, నీరసంగానే ఉంటుంది. ఏపుగా పెరిగిందంటే కల్తీ అయినట్టే. ఆ పాఠం నాకు చెప్పింది అక్కే. తనైతే చూసిన వెంటనే పీకి పారేసేది.

నేనేమో అప్పుడు వాటి మధ్య నిలబడి ఫోటో దిగి బావగారికి పంపాను. ఆయన దాన్ని అక్క ఫోటో పక్కనే పెట్టుకున్నారు.