రమీలాబెన్ గిన్నెలో ఎల్లిగడ్డ కారం

ఆల్థాన్, సూరత్
19 ఏప్రిల్ 2021

చిరంజీవి ఓంకార్‌ను బాపమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. ఈ పూట వరకు శ్రీప్రియ క్షేమం. సిరిసిల్లలో మీ అమ్మానాన్నలు కూడా క్షేమమేనని పొద్దున ఫోను వచ్చింది. అందరం క్షేమం అని రాయడం ఆనవాయితీ. ఈసారి ఆ మాట రాయలేదు. ఎందుకో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

ఫోను చేయకుండా ఉత్తరమేమిటని అనుకోకు. ఈ ఫ్లాటులో గోడలు పలచన. నేను మాట్లాడితే పక్కగదిలో నీ భార్యకు వినబడుతుంది. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపుతున్నాను. సగం చదివి కంగారుపడి ఫోను చేయకు.

మొన్న నువ్వు అడిగినవాటికి వరుసగా జవాబులు చెబుతాను. శ్రీప్రియ వేళకు తింటున్నది. కాళ్ల వాపు తగ్గింది. బిడ్డ బాగా కదులుతున్నదట. కాన్పు ఈ నెలాఖరుకే కావచ్చునని డాక్టరమ్మ అన్నది. అయితే కరోనా లేదని రిపోర్టు చూపిస్తేనే ఆమె ఆసుపత్రిలో చేర్చుకుంటారు. లేకపోతే పెద్దాసుపత్రికి పొమ్మంటారు. అక్కడ మంచం దొరకడం ఎంత కష్టమో నువ్వూ వింటూనే ఉన్నావు.

జోల్వాలో కార్ఖానాలోనే ఉండిపోయి తప్పు చేశానా అని అడిగావు. తప్పు కాదు. మగ్గాల మధ్య పడుకోవడం కష్టమే, కానీ అక్కడ లోపలికి వచ్చేవాళ్లూ లేరు, బయటికి పోయేవాళ్లూ లేరు.

బిల్డింగులో అందరూ ఎలా ఉన్నారన్నావు. ఇదివరకు మెట్లెక్కుతుంటే ఏ అంతస్తుకు వచ్చామో వంట వాసనే చెప్పేది. కింద ఒడియావాళ్ల ఆవనూనె, ఆపైన మరాఠీవాళ్లు వేయించే పల్లీలు, మన ఎదురింట్లో రమీలాబెన్ ఇంగువ తాళింపు. ఇప్పుడు అన్ని తలుపులూ మూసే ఉన్నాయి. ఇన్నేళ్లు ఎవరిది ఏ ఊరని పట్టించుకోనివాళ్లం, ఇప్పుడు దగ్గు వినబడితే ముందు అది ఏ భాషవాళ్ల ఇల్లని చూస్తున్నాం. కింది ఇంటి ఒడియా అతనికి జ్వరమని తెలిసిన రోజే పాలవాడు వాళ్ల గుమ్మం ముందు ఆగకుండా పోయాడు. సొసైటీ సెక్రటరీ ధన్‌సుఖ్‌భాయ్ ఆ తలుపుకు అడ్డంగా వెదురు బొంగులు కట్టించాడు. అంబులెన్సు వచ్చినప్పుడు అందరం బాల్కనీల్లో నిలబడి చూశాం. ఒక్కరూ దిగలేదు, నేను కూడా. అతను తిరిగి రాలేదు. భార్య లోపలే ఉన్నది, కిటికీ తీయదు.

జ్వరం వస్తే దాచకూడదు, ఇళ్ల మధ్య గిన్నెలు తిరగకూడదు అన్న నియమాలను మన తెలుగువాళ్ల గుమ్మాల ముందు నిలబడి చెప్పింది నేనే. టీచరుగా చేసినదాన్ని, నా మాట వింటారని ధన్‌సుఖ్‌భాయ్ ఆ పని నాకు అప్పగించాడు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "బాపమ్మా, నీ పానం ఎట్లున్నది?" అన్నావు. బాగున్నదన్నాను. అది అబద్ధం. నీతో మాట్లాడిన రోజునే ఒళ్లు వెచ్చగా ఉన్నది. ఎండదెబ్బ అని నాకు నేను చెప్పుకున్నాను. బయటపెడితే మన తలుపుకూ వెదురు కడతారని, నొప్పులు వస్తే శ్రీప్రియను లిఫ్టులోకి కూడా రానివ్వరని భయపడి నోరు మూసుకున్నాను.

నిన్న రమీలాబెన్ నియమం పక్కనపెట్టి, శ్రీప్రియకు ఇష్టమని గిన్నెలో కఢీ, అదే వాళ్ల మజ్జిగపులుసు, పంపింది. వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకపోవడం వాళ్ల పద్ధతి. మనకూ అదే అలవాటైంది. మామిడికాయ పప్పు చేశాను. ఆమె వైష్ణవురాలు, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ముట్టదు. ఆమెకు పంపేదాంట్లో ఎప్పుడూ ఇంగువ, ఉత్త కారమే వేస్తాను. ఉత్త కారం, ఎల్లిగడ్డ కారం మన ఇంట్లో ఒకే తీరు డబ్బాల్లో ఉంటాయి. మూత తీస్తేనే తెలిసిపోతుంది కనుక గుర్తు పెట్టాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు. ఒక డబ్బా తీశాను, వేశాను, గిన్నె నింపి ఆమె గుమ్మం ముందు పెట్టి వచ్చాను.

భోజనానికి కూర్చున్నాక శ్రీప్రియ అన్నది: "బాపమ్మా, పప్పుల ఎల్లిగడ్డ కారం మస్తు కుదిరింది."

కంచం వదిలి లేచాను. వంటింట్లోకి పోయి రెండు డబ్బాల మూతలూ తీశాను. వాసన లేదు. ఇంగువ డబ్బా తీశాను. అగరుబత్తి వెలిగించి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పొగకు కళ్లు మండాయి గాని వాసన లేదు. "ఏంది బాపమ్మా, ఏమైంది?" అంటూ ఆ పిల్ల వెనకే వస్తుంటే, రావద్దని కసిరాను. నాకు కోపం వచ్చిందనుకుని ఆమె గదిలోకి పోయింది. నేను నా గదిలోకి వచ్చి గడియ పెట్టుకున్నాను. కానీ అప్పటిదాకా ఆమె తిన్నదంతా నా చేతి వంటే, ఓంకార్.

ఈ పొద్దున ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకుని బయటి తలుపు కొంచెం తీశాను. రమీలాబెన్ తన జాలీ తలుపు వెనక నిలబడి ఉన్నది, నా కోసమే చూస్తున్నట్టు.

"టీచర్‌బెన్, గిన్నెలో లసణ్ వచ్చింది," అన్నది. ఎల్లిగడ్డ పడ్డందుకు నేను క్షమించమన్నాను.

"నా ధర్మం సంగతి ఠాకూర్‌జీ చూసుకుంటాడు. మూత తీయగానే నా ముక్కుకు తెలిసింది. మీ ముక్కుకు ఎందుకు తెలియలేదు?"

జవాబు చెప్పలేని పిల్లల్ని నిలబెట్టి చూసేదాన్ని నేను. ఇవాళ ఆమె నన్ను అలా చూసింది.

"ధన్‌సుఖ్‌భాయ్‌కి మీరు చెబుతారా, నేను చెప్పాలా? సాయంత్రం దాకా ఆగుతాను. మా ఆయనకు షుగర్ ఉన్నది, మీ ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉన్నది." మళ్లీ తనే అన్నది: "పైన మా అమ్మాయి ఫ్లాటు ఖాళీ. తాళంచెవి గుమ్మం ముందు పెడతాను. ఆ పిల్లను అక్కడ ఉంచండి, రెండు పూటలా తిండి నేను పెడతాను. ఆ వంటింట్లోకి మాత్రం లసణ్ రాకూడదు."

అది దయో, భయమో నాకు తెలియలేదు. రెండూ కావచ్చు. తాళంచెవి మాత్రం వచ్చింది.

ఇక జరగవలసినవి ఇవి. వరుస తప్పకూడదు.

1. నువ్వు ఇంటికి రావద్దు. నాకు, శ్రీప్రియకు పరీక్ష చేసేవాళ్లను రేపు పొద్దున్నే వచ్చేలా ఫోనులో మాట్లాడు.

2. శ్రీప్రియ ఈ మధ్యాహ్నమే పైకి వెళ్లాలి. రిపోర్టు వచ్చేదాకా ఆమె కూడా ఎవరికీ ఎదురుపడకూడదు. సంగతి ఆమెకు నేనే మూసిన తలుపు ఇవతల నుంచి చెబుతాను.

3. ఆ వెంటనే ధన్‌సుఖ్‌భాయ్‌కి నేనే చెబుతాను. వెదురు కడితే కట్టనీ. అతనితో గొడవపడకు.

4. శ్రీప్రియకు కూడా ఉన్నదని తేలితే ఆమెను ఏ ఆసుపత్రి చేర్చుకుంటుందో ఇవాళే కనుక్కో. నొప్పులు మొదలయ్యాక వెతకలేం.

5. నన్ను తీసుకుపోతే వెంట ఎవరూ రావద్దు.

6. నేను తిరిగి వస్తే, బిడ్డను ఒక్కసారి చేతికి ఇమ్మని తప్పకుండా అడుగుతాను. డాక్టరు సరేననేదాకా ఇవ్వకు. ఏడ్చినా ఇవ్వకు.

ఇట్లు,
గదిలో గడియ పెట్టుకుని ఉన్న
నీ బాపమ్మ,
ఉషాదేవి