నా పేరున ముప్ఫై రెండు యంత్రాలు

మే 4, ఆదివారం
ఉదయం అయిదున్నరకు పందెం మొదలు. తిరుపతి నుంచి చిత్తూరు దాకా పదకొండు మందిమి. గ్రూపులో నియమాలు మరోసారి పెట్టాను — ఖాళీగా ఉన్న మన కంప్యూటరు, ఇంటర్నెట్టులో శాస్త్రజ్ఞుల పెద్ద లెక్క నుంచి ఒక ముక్క తెచ్చుకుని, చేసి, తిరిగి పంపాలి. ముక్కకు ఇన్ని పాయింట్లు. వారం రోజులు. బహుమతి లేదు. సొంత యంత్రం, సొంత కరెంటు. తప్పితే పేరు కొట్టివేత.

చిత్తూరులో రిపేరు అంగడి ఖాదర్ బాషా వెంటనే — "కొట్టేసిన పేరు నాదే కదా టీచరమ్మా, బాగా గుర్తుండాది." పక్కన నవ్వు బొమ్మ. పోయిన పందెంలో రిపేరుకు వచ్చిన కంప్యూటర్ల మీద నడిపాడు. మొదటి స్థానం నుంచి తీసేశాను. తప్పు తప్పే.

మే 5
పదకొండో స్థానం. రోజూ గ్రూపులో స్థానాల బోర్డు నేనే వేయాలి, నా పేరు నేనే అడుగున రాయాలి. మనవరాలు — "అవ్వా, కడపట నువ్వేనా!" ఇడ్లీ సగం వదిలేసి లేచాను.

మే 6
మళ్ళీ పదకొండు. ఫ్యాను నా కంప్యూటరు వైపు తిప్పి, నేను చెమటలో కూర్చున్నాను. గ్రూపులో చెబితే నవ్వారు. కోడలు సుధ గుమ్మంలో నిలబడి చూసింది. చంద్రగిరి దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ చూసుకునే మనిషి. సాయం అక్కరలేదన్నాను — అడగకముందే.

మే 7
ఏడు.

మే 8
రెండు!

మునిరత్నం గ్రూపులో — "ఫ్యానుకే ఇంత బలమైతే రేపు ఏసీ పెట్టేరు, మా గతేమి?" సుధ కాలేజీలోనే ఆఫీసు గుమాస్తా అతను. నవ్వాను. గర్వం కూడా — ఒప్పుకోవాలి.

మధ్యాహ్నం దాకానే. నా యంత్రానికి ముక్కకు నాలుగు గంటలు. రోజుకు ఆరు. నిన్న నా పేరున నూట తొంభై.

ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని... ఈ తేడా పొద్దున్నే కనపడలేదా? చూడదలచుకోలేదా?

నా ఖాతాలో యంత్రాల జాబితా తెరిచాను. ముప్ఫై రెండు. ఒకటి మాది. మిగతావి ల్యాబ్-01 మొదలు ల్యాబ్-31 దాకా.

సాయంత్రం సుధ చెప్పులు విప్పకముందే అడిగాను.
"మీరు కడపటుంటే ఈ ఇంట్లో ఎవురికీ అన్నం దిగలేదత్తా. సెలవులు కదా, మిషన్లు ఊరికే పడుండాయి."
"ఎవరిని అడిగావు?"
"ఎవుర్నీ లేదు."
"తెలిస్తే?"
"పీకేస్తారు."
రేపు పొద్దున్నే తీసేస్తానంది. నాకు భయపడే మనిషి, నా కోసం దొంగతనం చేసింది!

మే 9
సుధ వెళ్ళేసరికే ల్యాబ్ తెరిచి ఉంది. ఏసీ లేని గదిలో మూడు రోజులుగా నడిచి యంత్రాలన్నీ కాలిపోతున్నాయట. ఖాదర్‌ను పిలిపించారు. అతను వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదని ప్రిన్సిపాల్ మాట. సుధ ఫోనులో గుసగుసగా చెప్పింది. ప్రోగ్రాం తెరిస్తే మొదట కనిపించేది నా పేరు.

ఖాదర్‌కు మూడుసార్లు చేశాను. తీయలేదు.

నాలుగింటికి తనే చేశాడు. "కాలేజీలో పనైపోయిందమ్మా. ఫ్యాన్లలో దుమ్ము అని రాసిచ్చినాను. ముప్ఫై ఒకటీ శుభ్రం చేసేసినా."
"తెర మీద ఎవరి పేరు చూశావు ఖాదర్?"
"పేరా? కండ్లద్దాలు అంగట్లోనే మరిచినా."
"నిన్ను కొట్టేసినదాన్ని నేను."
"నా తప్పుకు నన్ను కొట్టినారు. మీ కోడలు పాప ఉద్యోగం ఎందుకు పోవాల?"
కాస్త ఆగి — "అయినా టీచరమ్మా, ముప్ఫై ఒకటి! నేను తొమ్మిదే కదా పెట్టింది."


మే 10
బోర్డు వేయలేదు. ఆరోగ్యం బాగాలేదని రాశాను. గ్రూపులో నా మొదటి అబద్ధం.

మే 11, ఆదివారం
అయిదున్నరకు పందెం ముగిసింది. దొంగ పాయింట్లతో నేను రెండు. ఖాదర్ మూడు.

నియమం తప్పానని నా పేరు కొట్టేస్తే చాలదు. ఎలా తప్పావని అడగకుండా ఊరుకునే గ్రూపు కాదు. ఊరుకోవద్దని నేర్పింది నేనే. కాలేజీ పేరు చెబితే మునిరత్నం ఉన్నాడు. సుధ ఉద్యోగం పోతుంది, దుమ్ము అని రాసిచ్చిన ఖాదర్‌కు ఆ కాలేజీ గేటు మూసేస్తారు. చెప్పకపోతే ఖాదర్‌కు ఒక న్యాయం, నాకు ఒకటి.

ఏడింటికి బోర్డు పెట్టాను. రెండో స్థానం ఖాదర్ బాషా. అడుగున — పేరు కొట్టివేత: నేను. సొంతం కాని యంత్రాలు.

నిమిషం కాలేదు. మునిరత్నం — "మీరా! తమాషా చేయొద్దు టీచరమ్మా. యాడివి ఆ యంత్రాలు?"
ఖాదర్ — "పెద్దామెను అట్ల అడగచ్చునా అబ్బా? వదిలేయ్."
మునిరత్నం — "నిన్ను అడిగినప్పుడు ఈమె వదిలిందా?"
మిగతా ఎనిమిది మందీ చదివినట్టు గుర్తులు.

సుధ నా వెనకాల నిలబడి అంతా చదివింది. చెప్పమనలేదు. వద్దనలేదు. నా భుజం మీద చెయ్యి వేసింది — ఈ ఇంటికి వచ్చాక మొదటిసారి. ఆ చెయ్యి అక్కడే ఉంది, మునిరత్నం ప్రశ్న తెర మీద అలాగే ఉంది...