నువ్వు చూడని మన పాప

నంద్యాల,
17–2–1957

సౌభాగ్యవతి రామేశ్వరికి నీ బావ ఓబులేసు ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ క్షేమంగానే ఉన్నాం. ఆళ్ళగడ్డలో నువ్వూ, మామా, అత్తా ఒంట్లో బాగున్నారని నీ ఉత్తరం వల్ల తెలిసి మనసు కొంత కుదుటపడింది. జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టిందని కోపం పెట్టుకోకు. మొదలుపెట్టడం, చించెయ్యడం, ఇదే సరిపోయింది. ఈ రోజు ఆదివారం, మిల్లు లేదు. పూర్తి చేసే లేస్తాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. అమ్మ మోకాళ్ళ నొప్పి చలి తగ్గాక కొంచెం నయం. ఆముదం వెచ్చచేసి రాసుకుంటోంది. నేను రాస్తానంటే ఒప్పుకోదు. "నీ చేయి గరుకు, రామేశ్వరి రాస్తేనే నొప్పి దిగుతాది" అంటుంది. పక్కింటి సువార్తమ్మ ఆవు ఈనింది, కోడెదూడ. జున్ను తెచ్చిచ్చి, నువ్వెప్పుడొస్తావని ఎప్పటిలాగే అడిగింది. గిన్నె కడిగి ఇచ్చాను. పెరట్లో నువ్వు పెట్టిన కాకరపాదు ఎండిపోయింది, నా అశ్రద్ధే. మిల్లుకు పత్తిబండ్లు వరసకట్టి వస్తున్నాయి. ఇంటికొచ్చి తల దులిపితే దూది రాలుతోంది.

అహోబిలం స్వామి ఊరూరా తిరిగే పారువేట పల్లకీ మీ వీధికి వచ్చిందనీ, నువ్వు మాత్రం లోపలే కూర్చున్నావనీ రాశావు. ఎందుకో రాయలేదు. వీధిలో ఆడవాళ్ళు చంకన పిల్లల్నేసుకుని నిలబడి ఉంటారు. నాకు అర్థమైంది.

పల్లకీ మాట చదివాక మన చిన్నతనమంతా గుర్తొచ్చింది. సెలవులిస్తే చాలు, అమ్మ నన్ను వెంటబెట్టుకుని పుట్టింటికి బయలుదేరేది. బస్సు దిగగానే ఆమె నడకే మారిపోయేది. నంద్యాలలో గొంతెత్తి మాట్లాడని మనిషి, మీ వీధి మొగదల నుంచే "ఒరేయ్ లచ్చుమయ్యా" అని కేకేసేది. అంత మీసాలున్న మామ పరుగున ఎదురొచ్చి మూట అందుకునేవాడు. అవ్వ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒకే తట్టలో సంగటి కలిపి పెట్టేది. పెళ్ళిళ్ళయి పిల్లలున్న అక్కాతమ్ముళ్ళు ఒక తట్టలో తింటూ ఊరిబిండి పచ్చడి దగ్గర పోట్లాడుకోవడం చూసి మనిద్దరం నవ్వేవాళ్ళం. నువ్వు శిల్పుల వీధికి పోయి రాతిపొడి ఒడిలో పోసుకొచ్చి వాకిట్లో ముగ్గులు వేసేదానివి. నేను కావాలనే వాటి మీద నడిచేవాణ్ణి. "అత్తా, నీ కొడుకును నంద్యాలకు తోలెయ్" అని ఏడ్చేదానివి. మన పెళ్ళిలో అమ్మ ఆ మాట అందరికీ చెప్పి నవ్వించింది, మామ కూడా పడీపడీ నవ్వాడు.

కాపురానికి వచ్చిన కొత్తలో రైలు కూత వినబడితే నువ్వు చేతిలో పని వదిలేసి నిలబడేదానివి. ఓ సాయంత్రం స్టేషనుకు తీసుకుపోయాను. గుంటూరు బండి కదులుతుంటే, ఎవరని చూడకుండా కిటికీల్లో ఉన్నవాళ్ళందరికీ చెయ్యూపావు. ఒక ముసలామె తిరిగి ఊపింది. ఇంటికొచ్చి అమ్మకు చెప్పావు. మరునాడు సువార్తమ్మకు చెప్పావు. ఆ ముసలామె యాడికి పోతాందో, ఎవరింటికి పోతాందో నీకు నువ్వే కథ అల్లావు. ఆ రోజుల్లో మన ఇంట్లో నవ్వు ఎంత తేలిగ్గా వచ్చేది.

నీకు నెల తప్పిందని తెలిసినప్పుడు అమ్మ ఏం చేసిందో నీకు గుర్తుందా? సీమచింతకాయలు కావాలన్నావని ఆ మోకాళ్ళతోనే కుందూ ఏటి దాకా నడిచిపోయి కొంగు నిండా ఏరుకొచ్చింది. తొలికాన్పుకు నిన్ను పిలుచుకుపోవడానికి మామ వచ్చినప్పుడు కూడా, "ఈడ ఆస్పత్రి దగ్గర కదరా, ఈడ్నే ఉండనీ" అని ఒక మాట అంది. "తొలికాన్పు మాయింట్లోనే గదక్కా, మనమంతా ఆ గదిలోనే పుడితిమి" అని మామ అన్నాడు. అమ్మ దువ్వెన తెచ్చుకుంది. నీ తలకు నూనె పెట్టి, జడ వేసి పంపింది.

ఇవన్నీ రాస్తూ కూర్చున్నానుగానీ, నువ్వడిగింది ఇవి కావని నాకు తెలుసు. ఉత్తరం అడుగున, సంతకం పైన, ఇరుకుగా ఒక్క వరుస రాశావు. "బావా, పాప ఎట్లుండె? ఈడ ఎవురూ చెప్పరు. నువ్వు చూసినావా?"

చూశాను రామేశ్వరీ. ఎత్తుకున్నాను కూడా.

ఇన్నాళ్ళు చెప్పలేదు. పెద్దవాళ్ళు వద్దన్నారు. తల్లి చూడని బిడ్డ తొందరగా మరుపుకొస్తుందనీ, చెబితే బెంగ పెట్టుకుంటుందనీ అన్నారు. నేనూ అదే నిజమనుకున్నాను. నీ ఉత్తరం చూశాక తెలిసింది, మరుపు రావడానికైనా ఒక ముఖం ఉండాలని. ఆ ముఖం నా దగ్గర ఉంది. సగం నీది. తీసుకో.

పోయిన శ్రావణంలో పాప పుట్టిందని మిల్లుకు కబురొచ్చింది. తెల్లవారి మొదటి బస్సుకు అమ్మా నేనూ బయలుదేరాం. శిరివెళ్ళ దగ్గర వంక పొంగి బస్సు చాలాసేపు ఆగిపోయింది. మేం ఇల్లు చేరేసరికి నువ్వు ఒళ్ళెరగని జ్వరంలో ఉన్నావు. రక్తం చాలా పోయిందని మంత్రసాని శివమ్మ నీ కాళ్ళ దగ్గర కూర్చుని ఒత్తుతోంది. రాత్రంతా ఆమె కన్ను మూయలేదని అత్త చెప్పింది. పాప పక్కనే చేటలో పాతచీర మీద ఉంది. ఎత్తుకోవడానికి అందరూ భయపడుతున్నారు, అంత చిన్నగా ఉంది. అమ్మ కాళ్ళు కడుక్కుని, ఎవరినీ అడక్కుండా, ఒళ్ళోకి తీసుకుంది.

జుట్టు ఒత్తుగా, నల్లగా, మెడ మీదికి దిగి ఉంది. రంగు నీది. ఎడమచెవి తమ్మె కొంచెం లోపలికి మడిచినట్టుంది, నీకున్నట్టే. కాలివేళ్ళు పొడుగు, అవి నావి. గోళ్ళు మాత్రం పూర్తిగా రాలేదు, ఉల్లిపొరలాగా ఉన్నాయి. పాలు తాగే బలం లేదు. అమ్మ చక్కెరనీళ్ళలో దూది ముంచి పెదవులకు తాకిస్తే, నాలుక కొన బయటికి వచ్చి వెతుక్కునేది. నా చూపుడువేలు ఇచ్చాను. పట్టుకుంది. పట్టు గట్టిగానే ఉంది. నేను ఆ పట్టు చూసి, బతుకుతుందనే అనుకున్నాను.

ఒకసారి తుమ్మింది. "చిరంజీవ, నూరేళ్ళు" అంది అమ్మ వెంటనే, అలవాటుగా. శివమ్మ తల దించుకుంది.

పొద్దు నడినెత్తికి వచ్చాక ఊపిరి మారింది. శివమ్మ వచ్చి చూసి, "ఇంగ ఒళ్ళోనే పెట్టుకోమ్మా, దించొద్దు" అంది. అప్పుడు అమ్మ పాప చెవి దగ్గర నోరు పెట్టి ఒక పేరు చెప్పింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినపడింది. జీవమ్మ. అవ్వ పేరు. ఇంకాసేపటికి పాప పోయింది. ఏడవలేదు, గింజుకోలేదు. నా వేలు మీద పట్టు వదులైంది, అంతే.

ఆ తర్వాత వసారాలో జరిగింది నువ్వు వినలేదు. ముక్కలు ముక్కలుగా తెలిసి ఉంటుంది. అమ్మ బిడ్డను నా చేతుల్లో పెట్టి బయటికి వచ్చి అంది, "నంద్యాల్లో ఆస్పత్రి పెట్టుకోని ఈడ శివమ్మ చేతిలో పెడితిరి. నా బిడ్డను మీరే పోగొడితిరి."

మామ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. "మేం కావాలని పోగొట్టుకుంటిమా అక్కా? లోపల నా కూతురు ఉందో పోయిందో తెలీకుండా పడుంటే నువ్వీ మాటంటావా? ఇంగ నా గడప తొక్కొద్దు."

అమ్మ వసారా దిగింది. చెప్పులేసుకుని బస్సు ఆగే చోటికి నడిచిపోయింది. అరవై ఏళ్ళ అక్కాతమ్ముళ్ళ మాట ఆ రోజుతో ఆగిపోయింది. అప్పటినుంచి వాళ్ళొచ్చి పిలుచుకోని పోవాలని మామ, వాళ్ళే పంపాలని అమ్మ. మధ్యలో నువ్వు అక్కడ, నేను ఇక్కడ. నేనూ గట్టిగా నిలబడి ఒక మాట అనలేకపోయాను. ఎవరితో అనాలి? ఇద్దరూ మనవాళ్ళే.

మామ గడ్డపార భుజాన పెట్టుకుని ముందు నడిచాడు. జీతగాడు వస్తానంటే వద్దన్నాడు. అమ్మ పాతచీరలతో కుట్టి తెచ్చిన బొంతలో చుట్టి నేను ఎత్తుకున్నాను. నంద్యాల రోడ్డు మీద, ఊరికి ఇవతల, రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీ పక్కన మీ చేను ఉంది కదా, దాని తూర్పు గట్టు. నల్లరేగడి తడిసి కాళ్ళకు ముద్దలు ముద్దలుగా అంటుకుంటోంది. మామ తనే తవ్వాడు. నేను తవ్వుతానంటే, "నువ్వు బిడ్డను పట్టుకో. ఇంకొంచేపు పట్టుకో" అన్నాడు. అంతా అయ్యాక, జంతువులు కదపకుండా ఇద్దరం రాళ్ళు పేర్చి కంప కప్పాం. అప్పుడు మామ గట్టు మీద కూలబడి, "పేరు గూడా పెట్టకపోతిమి గదప్పా ఓబులేసూ. ఏమని పిల్చి పంపిస్తాం" అని ఏడ్చాడు. మామ ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం.

పేరుందని చెప్పాలనుకున్నాను. మానుకున్నాను. తాను గడప తొక్కొద్దని చెప్పిన అక్కే తమ తల్లి పేరు పెట్టిందని ఆ నిమిషంలో చెబితే ఆయన గుండె తట్టుకోదనిపించింది.

మొన్న మీ ఊరి బండ్లు మిల్లుకొచ్చాయి. బండి తోలుకొచ్చినాయన మాటల్లో అన్నాడు, "మీ మామ ఈయేడు మోరీకాడి చేన్లో తూర్పుగట్టు పక్క రెండు సాళ్ళు దున్నల్యా. ఎందుకప్పా అంటే పలకడు." ఈ సంగతి మామ నీతో చెప్పి ఉండడు.

ఆ రాత్రి భోజనాలయ్యాక నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను, ఆ చివరి వరుసతో సహా. బండి ఆయన చెప్పింది కూడా చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతోంది. చేట్లో వేళ్ళు ఆగిపోయాయి. చేట ఒళ్ళోకి లాక్కుని అంది.

"చెప్పు దానికి. అంతా చెప్పు. తల్లి కంటే ముందు నేనెత్తుకుంటి. అది కండ్లు తెరిచేసరికి ఒళ్ళో ఏమీ లేకపాయ."

"మామ గురించి ఏం రాయమంటావు?"

"శివమ్మ చేసిందేమీ ల్యా. వాడు చేసిందీ ఏమీ ల్యా. నా ఒళ్ళోనే గదా పాయ, నాకు తెలీదా. అయినా అంటి. ఎవుర్నో ఒకర్ని అనకపోతే గుండె పగిలేటట్లుండె."

"మరి పోదామా ఆళ్ళగడ్డకు?"

అమ్మ చేట పక్కన పెట్టింది. "గడప తొక్కొద్దన్నాడు. చేను తొక్కొద్దన్ల్యా" అంది.

అందుకని రాస్తున్నాను. వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు అమ్మా నేనూ వస్తున్నాం. ఊళ్ళోకి రాం, మోరీ దగ్గరే దిగుతాం. ఈ ఉత్తరం మామకు నువ్వే చదివి వినిపించు. మధ్యలో ఆపకు. పేరు దగ్గర మాత్రం కొంచెం నిదానంగా చదువు. ఆయన వస్తాడో రాడో నేను చెప్పలేను. వస్తే అక్కాతమ్ముళ్ళను వాళ్ళ మానాన వదిలేద్దాం, మాటలు వాళ్ళే వెతుక్కుంటారు. రాకపోతే అత్తను తోడు తీసుకుని నువ్వు రా. ఒంట్లో నడిచే శక్తి లేకపోతే బండి కట్టించుకో.

ఆ తర్వాత నంద్యాలకు వస్తావో, ఇంకొన్నాళ్ళు అక్కడే ఉంటావో నీ ఇష్టం. నేను తొందరపెట్టను. చోటు నీకు చూపించాలి, అదొక్కటే నాకు ఇప్పుడున్న పని. పాప గురించి ఇంకొన్ని సంగతులున్నాయి. కాగితం మీద పెట్టబుద్ధి కాక ఉంచుకున్నాను, అక్కడ కూర్చుని చెబుతాను. ఏడుపొస్తే ఇద్దరం ఒకచోట ఏడుద్దాం. ఇన్నాళ్ళూ నువ్వొక ఊళ్ళో, నేనొక ఊళ్ళో ఏడ్చాం.

అత్తకూ మామకూ నా నమస్కారాలు. నీకు నా ఆశీస్సులు.

ఇట్లు,
జీవమ్మ నాయన,
నీ బావ
ఓబులేసు