అమ్మ చెప్పాల్సిన సాక్ష్యం

విజయవాడ,
జూన్ 2003

శౌరయ్య బాబాయికి వందనాలు.

మా ఆసుపత్రి డయాలసిస్‌లో సీనియర్ టెక్నీషియన్ పోస్టు నాకు రాలేదు. నేను పని నేర్పిన డేనియల్‌కే ఇచ్చారు. దానికి మద్రాసులో ట్రైనింగ్ అవ్వాలట.

"పెళ్ళయితే మానేస్తావు కదమ్మా" అన్నారు పైవాళ్ళు. చేసుకోనన్నాను. "మరి అంత దూరం తోడెవరొస్తారు?" అన్నారు. ఇన్నేళ్ళూ నైట్ డ్యూటీలకి నాకు తోడెవరొచ్చారో ఒక్కరూ అడగలేదు.

పోస్టు నాకే ఖాయమనుకుని అమ్మ, ఈ ఆదివారం ఉయ్యూరు చర్చిలో అందరి ముందూ లేచి, దేవుడు చేసిన మేలుకి కృతజ్ఞతగా సాక్ష్యం చెబుతానని పాస్టరుగారికి మాటిచ్చేసింది. ఆమెతో ఈ సంగతి చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. శనివారంలోగా మీరే చెప్పండి.

డేనియల్ వాళ్ళదీ మన చర్చే. ఒకే పోస్టుకి ఇద్దరు తల్లులు లేచి నిలబడకూడదు.

మీ అమ్మాయి